వేల్సుదేశమున నొక రాతియిల్లు

వేల్సుదేశములో ఆఱువందలకు పైగా కోటలు కలవని చెప్పుదురు. అచ్చటికి పోయివచ్చిన మనవారు ఆ కోటల ముందర నిలువబడి తీయించుకొన్న ఛాయాచిత్రములనే మనకు చూపుచుందురు. మేమును రెండు కోటలు చూచితిమి. అవి గొప్పవే, కాదనము. కాని గృహిణి యడుగు ప్రశ్నలకు కోట జవాబు చెప్పదు. పొయ్యి యెక్కడ నుండెడిది? నీళ్ళెవరు మోసిరి? మంచు కురియు రాత్రులలో పసిబిడ్డను ఏ మూల పరుండబెట్టిరి? ఈనిన ఆవును రాత్రివేళ ఎవరు లేచి చూచిరి? ఇట్టి ప్రశ్నలన్నిటికిని జవాబు చెప్పిన కట్టడ మొకటి మాకు అచ్చట కనబడినది. అది రాజు కట్టించినది కాదు, కొండలోయలో పశువులను మేపుకొని బ్రదికిన ఒక కాపు ఇల్లు. దాని పేరు కిలెవెంట్.

మా మఱది కార్డిఫ్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. వేసవి సెలవులలో మావారును మేమును అచ్చట నెలదినము లుంటిమి. కార్డిఫ్ వేల్సునకు ముఖ్యపట్టణము. ఈ దేశము ఇంగ్లండునకు పడమట నున్నది. కొండలు, గొఱ్ఱెలు, వాన, ఈ మూడింటికిని అచ్చట కొదువ లేదు. వారిది ఆంగ్లముకంటె వేరైన భాష. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ భాష వచ్చినవారు నూటికి పదునెనమండుగురికి కొంచెము తక్కువగా తేలిరి. అయినను వీథి పలకలన్నిటిమీదను, రైలు స్టేషనులలోను ఆ భాష అక్షరములు ఆంగ్లముతో సమానముగా కనబడును. చిన్నదైన జాతి తన మాటను ఎంత పట్టుదలతో నిలుపుకొనుచున్నదో చూచి మాకు ముచ్చట వేసినది.

కార్డిఫ్‌కు పడమట నాలుగు మైళ్ళ దూరమున సెయింట్ ఫాగన్స్ అను గ్రామము కలదు. అచ్చటి ప్రభువుల భవనమును, తోటలను ప్లిమత్ ప్రభువు 1946లో జాతికి దానము చేసెను. 1948 జూలై 1వ తేదీన అచ్చట ఒక విచిత్రమైన వస్తుప్రదర్శనశాల తెరవబడినది. సాధారణముగా ప్రదర్శనశాల యనగా ఒక భవనము, అందులో అద్దపు పెట్టెలు, పెట్టెలలో వస్తువులు. ఇచ్చట వస్తువులు ఇండ్లే. దేశము నలుమూలలనుండి పాత యిండ్లను, కొట్టములను, ప్రార్థనమందిరములను, మరలను ఊడదీసి తెచ్చి, ఈ తోపులో మరల నిలబెట్టినారు. ఇప్పటికి నలువదికి పైగా కట్టడములు కలవు. ప్రవేశమునకు రుసుము లేదు. స్వీడను దేశపు స్టాక్‌హోము నగరమున 1891లో వెలసిన స్కాన్సెన్ అను ఇట్టి శాల దీనికి దారి చూపినది.

ఈ శాలను మొదట నడిపినవాడు యోర్వెర్త్ పీట్ అను పండితుడు. ఆయన వడ్రంగి కుమారుడు, తన భాషలో కవి. వేల్సు ఇండ్లను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1940లో వెలువడినది. వడ్రంగి కుమారుడు కావుననే కాబోలు, మేడలను విడిచి దూలమును, వాసమును, తలుపు గడియను చూచు కన్ను ఆయనకు కలిగినది.

మేము పోయిననాడు సన్నని వాన పడుచుండెను. చెట్లనడుమ కాలిబాటలు, ఒక్కొక్క మలుపున ఒక్కొక్క ఇల్లు. మొదట ఎదురైనది ఎఱ్ఱని ఇల్లు. గోడలన్నియు కుంకుమలో ముంచి తీసినట్లుండుటచే దూరమునుండియే కనబడును. అది గౌవర్ అను సముద్రతీర ప్రాంతమునుండి వచ్చిన కెన్నిక్స్టన్ కమతపుటిల్లు. 1610లో మొదలై కొంత కొంతగా పెరిగినది. 1955లో ఇచ్చట ప్రజలకు తెరువబడినది. పైన గడ్డి కప్పు. లోపల పొయ్యిప్రక్కనే గోడలో బీరువావలె అమర్చిన పడక యున్నది. తలుపులు మూసికొన్నచో చలిగాలి దరి చేరదు. ఎఱ్ఱరంగు భూతప్రేతములను రానీయదని వారి నమ్మకమట. మన ఇండ్ల గడపలకు పసుపు కుంకుమలు పెట్టుట యెఱిగిన మనకు ఈ మాట వింతగా తోపదు. అందమునకు ఈ యింటినే అందఱును మెచ్చుకొందురు. చిత్రపటములలోను ఇదియే ఎక్కువగా కనబడును. మేము మాత్రము దీనిని పదినిమిషములు చూచి ముందునకు సాగితిమి.

కిలెవెంట్ ఇల్లు చూపునకు ఏమంత అందమైనది కాదు. బూడిదరంగు రాతిగోడలు, పొడవుగా నేలకు అంటుకొనియున్న ఆకారము, చిన్న కిటికీలు. ఎదుట నిలిచి చూచినచో ఇల్లో కొట్టమో చెప్పుట కష్టము. ఏలయన అది రెండును. వారి భాషలో ఇట్టిదానిని తీ హిర్ అందురు. పొడవైన ఇల్లని యర్థము. ఒకే కప్పుక్రింద ఒక కొస మనుష్యులు, ఒక కొస పశువులు. రెండింటికిని నడుమ ఒక నడవ. మనుష్యులును పశువులును ఒక్క ద్వారముననే లోపలికి పోయెడివారు.

ఆ గుమ్మముకడ మేము చాలసేపు నిలిచితిమి. మన పల్లెటూళ్ళలో పశువుల కొట్టము ఇంటివెనుకనో, ప్రక్కనో యుండును; చలి తక్కువ కనుక చాలినది. అచ్చట చలికాలమున కొండలమీద మంచు పేరుకొనును, పగలు పొట్టిది, గాలి ఎముకలను కొఱుకును. రాత్రివేళ కొట్టమునకు పోవలెనన్నచో బయట అడుగు పెట్టవలసిన పనిలేకుండ ఈ ఏర్పాటు చేసికొనిరి. మధ్యనున్న నడవను పెన్‌లౌర్ అందురు. అచ్చట నిలిచి పశువుల గాడిలో మేత వేయవచ్చును. పాలు పితికి చెంబుతో రెండడుగులు వేసినచో వంటయింటిలో నుందురు. ఇట్టి ఇండ్లను పల్లమునకు నిలువుగా కట్టి, పశువుల కొసను దిగువన పెట్టెడివారు. మురికినీరు ఇంటివైపునకు రాక దిగువకు పోవలెను గదా. వాస్తుశాస్త్రము చదువని కాపువాడు నీటి నడకను ఎంత చక్కగా కనిపెట్టెనో!

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన సంగతి యింకొకటి కలదు. పొయ్యిలోని మంటను చూడగలిగినచో ఆవు ఎక్కువ పాలిచ్చునని అచ్చటి ముసలివారు చెప్పుకొనెడివారట. ఈ మాటను పీట్ పండితుడు తన గ్రంథమున వ్రాసి పెట్టెను. శాస్త్రము దీని నొప్పుకొనునో లేదో కాని, ఆవును ఇంటిలోని మనిషిగా ఎంచినవారికే యిట్టి మాట తోచును. పశువుల ఊపిరివెచ్చన ఇంటికిని, ఇంటి పొయ్యి వెలుగు పశువులకును చేరెడివి.

మా తోడికోడలు పట్టణమున పెరిగినది. ఆమె ముక్కు మూసికొని, "అక్కయ్యా, వాసనతో ఎట్లు అన్నము తినిరో!" అనెను. పేడ వాసనను ఏవగించుకొనుట ఇటీవలి నాగరికత. పేడతో అలికిన యింటిలో పుట్టి పెరిగిన మాకు ఆ ప్రశ్న రాలేదు. నిజమునకు ఇప్పుడచ్చట వాసనయే లేదు. గాడి యున్నది, ఆవు లేదు. మా లోపము చెప్పుమన్నచో ఇదియే చెప్పుదుము. ఆ యిల్లు మిక్కిలి శుభ్రముగా నున్నది. ఊపిరి లేని పశువుల కొట్టము పల్లకివలె నుండును, పెండ్లికూతురు లేని పల్లకి.

ఇంటి వయస్సును గూర్చి కొంత చెప్పవలెను. కిలెవెంట్ మొదట కట్టినది సుమారు 1470వ సంవత్సరమున. మన పోతనామాత్యుడు వర్ధిల్లిన శతాబ్ద మది. అప్పుడది రాతియిల్లు కాదు, కఱ్ఱ యిల్లు. వంపు తిరిగిన పెద్ద చెట్టు నొకదానిని నిలువున రెండుగా చీల్చి, ఆ రెండు బద్దలను ఎదురెదురుగా నిలిపి, కొనలను పైన కలిపెదరు. రెండుచేతులును జోడించి నమస్కరించినట్లుండును. ఇట్టి జోడింపులను వరుసగా నిలిపి వానిమీద కప్పు వేసెదరు. భారమంతయు ఈ జోడుచేతులే మోయును. గోడ తెరవంటిది మాత్రమే. అందుచేతనే 1734లో ఆ ఇంటివారు కఱ్ఱగోడలను తీసివేసి రాతిగోడలు కట్టుకొన్నను పాత వంపుదూలము లోపల నిలిచిపోయినది. చీర మార్చుకొన్నను మనిషి మాఱనట్లు, రెండువందల అఱువది యేండ్ల వయస్సు వచ్చిన పిమ్మట ఆ యిల్లు రాయి కట్టుకొనెను.

దూలము వయస్సు ఎట్లు తెలిసికొందురని మావారు అడిగిరి. చెట్టు ఏటేట ఒక్కొక్క వలయము పెంచుకొనును. వాన బాగుగా కురిసిన ఏడు వలయము వెడల్పు, ఎండిన ఏడు సన్నము. ఈ వెడల్పు సన్నముల వరుసను, వయస్సు తెలిసిన ఇతర చెట్ల వరుసలతో పోల్చి, ఏ యేట గొడ్డలి పడెనో చెప్పుదురు. ఉత్తర వేల్సునుండి తెచ్చిన గారెగ్ వౌర్ అను మఱియొక రాతియిల్లు 1544వ సంవత్సరమునాటిదని యిట్లే తేలినది. ఆ మాటకు పెద్దఱాయి యని యర్థము. పేరునకు తగినట్లు ఏనుగు తలకాయలంతేసి ఱాళ్ళు దాని గోడలలో నున్నవి. అది కొండసీమలో కలవారి ఇల్లు. రెండుకొసల రెండు పొగగూళ్ళు, మీద అంతస్తు, ఎదురెదురు తలుపులు. పశువుల కచ్చట ప్రవేశము లేదు. డబ్బు చేరినకొలది మనుష్యుడు పశువును దూరముగా జరుపునని దీనివలన తెలియుచున్నది.

రాతిగోడ కట్టు విధమును చూచుటకు కిలెవెంట్ గోడ మందమును మా మూరతో కొలిచితిమి. మూరకు మించి యున్నది. ఇట్టి గోడలు నిజమునకు రెండు గోడలు. లోపలి ముఖమొకటి, వెలుపలి ముఖమొకటి, నడుమ చిన్నఱాళ్ళును మన్నును కూరిన పొర. అచ్చటచ్చట ఒక పొడవైన రాతిని అడ్డముగా నిలిపి రెండు ముఖములను కుట్టివేయుదురు. ఈ కుట్టు లేనిచో కాలక్రమమున గోడ కడుపు ఉబ్బి పగులును. ఱాళ్ళు చెక్కినవి కావు. పొలము దున్నునప్పుడు నాగలికి తగిలినవి, ఏటిగట్టున దొరికినవి. ఒక్కొక్కదానికి తగిన చోటు చూచి కూర్చవలెను. సున్నపుపూత వేసినచో గోడ తడిని పీల్చి మరల ఆరవేయును. ఇటీవల కొందఱు పాతగోడలకు సిమెంటు పూసి తడిని లోపలనే బంధించి గోడలను పాడుచేసికొనుచున్నారట. మన ఊళ్ళలోని సున్నపుగోడలకును ఈ గతియే పట్టుచున్నది కావున ఈ మాట ఇచ్చట వ్రాసితిమి.

కిటికీలు చిన్నవగుటకు చలి యొక కారణము. అద్దము ఖరీదు మఱియొకటి. 1696 మొదలు 1851 వఱకు ఆ దేశములో కిటికీలమీద పన్ను కూడ ఉండెను! వెలుతురుమీద పన్ను వేసిన ప్రభుత్వమును గూర్చి విన్నప్పుడు మావారు పంతులుగారు కావున పెద్ద ఉపన్యాస మిచ్చిరి. అది విడిచెదము.

ఇక పొయ్యి. దానిని పొయ్యి యనుటకంటె ఒక చిన్న గది యనుట సరి. పైన వెడల్పైన పొగగూడు, క్రింద నేలమీద మంట. ఇట్టి పొయ్యిలలో గొలుసుకు వ్రేలాడు ఇనుప కుండలో కూరలును మాంసమును కలిపి కాచిన పులుసువంటిది ఉడుకుచుండెడిది. ప్రక్కన గుండ్రని పెనము, దానిమీద ఓట్సుపిండి రొట్టె. ఓట్సుతో అంబలివంటి జావయును చేసికొనెడివారు. మన రాగిసంగటి, రాగిజావల చెల్లెండ్రు ఇవి. కట్టెలు తక్కువైన కొండలలో చిత్తడినేలనుండి నల్లమన్నును ఇటుకలవలె కోసి ఎండబెట్టి కాల్చెడివారు. దాని పొగకు ఒక మట్టివాసన. రాత్రి పరుండబోవుముందు ఇల్లాలు నిప్పును బూడిదతో కప్పవలెను, తెల్లవాఱి మరల రగిలింపవలెను. ఏండ్ల తరబడి ఆరని పొయ్యిలు కలవని చెప్పుకొనెడివారు. నివురుగప్పిన నిప్పు అను మాటను మనము నోటితో వాడుచున్నాము. వారు దినదినమును చేతితో చేసిరి. అత్తగారినుండి కోడలికి వచ్చునది తాళపుచెవులు మాత్రమే కాదు, ఆ నిప్పు కూడ.

వెన్న చేయుట, జున్ను కట్టుట, కోళ్ళను సాకుట, నూలు వడకుట ఆడువారి పనులు. సంతలో వెన్న అమ్మగా వచ్చిన సొమ్ముతో ఇంటి సంసారము నడచెడిది. గోడవార నున్న చెక్కబీరువామీద నీలిగీతల పింగాణి పళ్ళెములు వరుసగా నిలిపియుందురు. వానిలో తినుటకంటె చూపుటకే ఎక్కువ. తల్లి బీరువా కూతునకు సంక్రమించును. మన ఇత్తడిబిందెల వరుస గుర్తునకు వచ్చినది. ప్రదర్శనశాల అద్దపు పెట్టెలలో చెక్కిన కఱ్ఱగరిటెలును చూచితిమి. యువకులు తాము వలచిన కన్యలకు స్వయముగా చెక్కి యిచ్చినవి. 1667 అని తేదీ చెక్కిన గరిటె యొకటి వానిలో కలదు. మూడువందల యేబదియేండ్లకు పైబడినను ఎవరిచేతిదో తెలియని ప్రేమ అచ్చట చెక్కుచెదరక యున్నది.

ఇంత పెద్ద రాతియిల్లును ఎట్లు కదలించిరని అందఱును అడుగుదురు. మొదట ఇంటికి కొలతలు తీసి పటములు గీసెదరు, ఛాయాచిత్రములు తీసెదరు. ముఖ్యమైన ఱాళ్ళకును దూలములకును అంకెలు వేసెదరు. పిమ్మట పైనుండి క్రిందికి ఊడదీసి, బండ్లలో తెచ్చి, క్రిందినుండి పైకి మరల పేర్చెదరు. కిలెవెంట్ ఇట్లు వచ్చి 1959లో ప్రజలకు తెరువబడినది. ఇది మనకు తెలియని విద్య కాదు. శ్రీశైలము ఆనకట్టనీటిలో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును మనవారు ఇట్లే ఊడదీసి ఆలంపురమున నిలిపిరి. నాగార్జునకొండ కట్టడములను కొన్నిటిని కూడ ఇట్లే కదలించిరి. అయితే మనము దేవుని గుడిని రక్షించితిమి. ఆ గుడికి పోవు దారిలోని కాపుటిల్లును, అందులోని వంటపొయ్యిని, తిరుగలిని నీటికి విడిచితిమి. వేల్సువారు కాపుటింటికి గూడ ఆ గౌరవ మిచ్చిరి. ఈ విషయమున వారిని మెచ్చుకొనకుండ ఉండలేము.

కదల్చిన ఇల్లు ఆ ఇల్లే యగునా యని మావారికిని మా మఱదికిని వాదము వచ్చినది. నేలను విడిచిన ఇల్లు వేరు పెఱికిన చెట్టే యని మఱది పక్షము. లోయ లేదు, ఏఱు లేదు, ఆ గాలి లేదు, కావున ఇది ఇంటి బొమ్మయే గాని ఇల్లు కాదనెను. మావారు, పుట్టినింటిని విడిచి వచ్చిన ఆడుపిల్ల ఆడుపిల్ల కాకపోవునా యని అడిగిరి. మంచి మాటయే. కాని మెట్టినింటికి వచ్చిన పిల్లకు ప్రాణ మున్నది, మాటలాడును, పుట్టినిల్లు తలచుకొనును. ఇంటికి ఆ తలంపును మనమే చెప్పవలెను. అందుచేత మా తీర్పు మఱదివైపు సగము, మావారివైపు సగము. నిలిచియుండగలిగిన ఇంటిని ఉన్నచోటనే కాపాడుట మేలు. కూలనున్నదానిని, మునుగనున్నదానిని తెచ్చుకొనుట తప్పనిసరి.

వేల్సులో మునిగినవి, ఖాళీచేయబడినవి తక్కువ కావు. కిలెవెంట్ పుట్టిన క్లైర్‌వెన్ లోయలోనే పెద్ద ఆనకట్ట కట్టి 1952 అక్టోబరులో రాణిచేత తెఱపించిరి. ఆ కొండల నీరు 73 మైళ్ళు పోయి ఇంగ్లండులోని బర్మింగుహాము నగరపు దప్పి తీర్చుచున్నది. 1965లో కాపెల్ కెలిన్ అను గ్రామము లివర్‌పూలు నగరపు నీటికొఱకు మునిగినది. బడి, ప్రార్థనమందిరము, తపాలాకచేరి, కాపుటిండ్లు అన్నియు నీటిక్రింద. ఊరివారును దేశస్థులును ఎంత మొఱపెట్టుకొన్నను వినలేదు.

వీనికంటె ముందు, 1940లో, ఎపింట్ కొండలను సైన్యపు తుపాకి అభ్యాసమునకై ప్రభుత్వము తీసికొనెను. 54 ఇండ్లు, 219 మంది జనులు. వసంతములో ఉత్తరువు, వేసవికి ఖాళీ చేయవలెను. గొఱ్ఱెలు ఈనుచున్న కాలమది. పీట్ పండితుడు ఆ చివరి దినములలో తన ప్రదర్శనశాల పక్షమున అచ్చటికి పోయి, విడువబడుచున్న ఇండ్లను చూచి వ్రాసికొనుచుండెను. ఒక కాపుటింటిముందు ఎనుబదిరెండేండ్ల ముసలమ్మ కనబడెను. ఆమె ఇంటిలోని కుర్చీని మోసికొనివచ్చి వాకిటి చివర వేసికొని కొండవైపు చూచుచు కూర్చుండెను. చెంపలమీద కన్నీరు. ఆమె ఆ యింటనే పుట్టినది, ఆమె తండ్రియు తాతయు ఆ యింటనే పుట్టిరి. ఎచ్చటినుండి వచ్చితివి నాయనా యని ఆమె అడుగగా ఆయన కార్డిఫ్ అని చెప్పెను. ఎంత త్వరగా వీలైన అంత త్వరగా తిరిగి పొమ్మనియు, ఇచ్చట లోకము ముగిసిపోవుచున్నదనియు ఆమె చెప్పెనట.

ఎపింట్ నేటికిని సైన్యము చేతిలోనే యున్నది. ఆ ముసలమ్మ ఇల్లు ఈ తోపులో లేదు. కిలెవెంట్ గుమ్మమున నిలిచినపుడు మాకు ఆమె కుర్చీ యే తోచినది. ఇంటిలో కుర్చీ వేసికొనుటకు చోటు లేక కాదు ఆమె బయటకు వచ్చినది. లోపల కూర్చుండి గోడలను చూడలేకపోయి యుండును.

దారిలో ఇనుపపని కూలీల ఇండ్ల వరుస యొకటి చూచితిమి. ఆఱిండ్లు, ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమువలె అమర్చినారు: 1805, 1855, 1895, 1925, 1955, 1985. పిల్లలతో పోవువారు తప్పక చూడవలెను. చివరి యింట టెలివిజను పెట్టె కనబడగానే మా మఱది పిల్లలు ఇంటికి వచ్చినట్లు సంతోషించిరి.

తిరిగి కిలెవెంట్ దగ్గఱకు వచ్చునప్పటికి వాన ఆగినది. అచ్చటి సంరక్షకురాలు ఒక నడివయస్సు స్త్రీ, పొయ్యిలో మంట ఎగద్రోయుచుండెను. మా తోడికోడలి పాదములకున్న పసుపును, చీరలను చూచి, మీ దేశమున వాకిళ్ళలో ముగ్గులు వేయుదురట గదా యని తానే ప్రారంభించెను. మేము ఆశ్చర్యపడితిమి. వారి ఆడువారును వేసెడివారట! పలకరాతి గడపలమీదను, పొయ్యిముందరి బండమీదను సుద్దతో గీతలు, మెలికలు, గొలుసులు. కొన్నిచోట్ల మట్టినేలమీద ఆకు పసరు రుద్ది ఆకుపచ్చని చిత్రములు. కడిగిన దినము చెఱిగిపోవును, మరల వేయవలెను. ఎక్కడను తెగని గీతగా వేసినచో దయ్యము గడప దాటి రాలేదని కొందఱి నమ్మకము. పాతకాలపువారిలో మిగిలినవారు తక్కువ, ఇప్పుడు వేయువారు అరుదు.

సుమారు అయిదువేల మైళ్ళ దూరమున రెండుచోట్ల ఇద్దఱు ఆడువారు తెల్లవాఱగనే వంగి గడపముందు ఒకే పని చేయుచుండుట ఎవరు ఎవరికి నేర్పినదియు కాదు. రాతిగడప కనబడినచో గీయవలెనని చేతికి తోచును కాబోలు. మాకు చుక్కలు కావలెను, వారికి అక్కఱలేదు. మాది బియ్యపుపిండి, చీమకు ఆహారము. వారిది సుద్ద. ఈ భేదములు చెప్పగా ఆమె ఆసక్తితో వినెను. చీమలకొఱకు పిండి వేయుట అను మాట ఆమెకు మిక్కిలి నచ్చినది. రెండుసార్లు అడిగి తెలిసికొనెను.

పిమ్మట ఆమె జేబులోనుండి ఒక కాగితము తీసి, తన అమ్మమ్మ గడపకు వేసెడిదని చెప్పుచు, మెలికలు మెలికలుగా చుట్టివచ్చి మొదటికే చేరు గీత నొకదానిని పెన్సిలు ఎత్తకుండ గీసి చూపెను. మెలికల ముగ్గు వేసినవారికి అది కష్టమైనది కాదు. మా తోడికోడలు పెన్సిలు తీసికొని తానును ప్రయత్నించెను. ఆమె గీత రెండుచోట్ల తెగెను. సంరక్షకురాలు ఆ రెండు సందులను వ్రేలితో చూపి, "ఇదిగో, ఇక్కడ ఒక దయ్యము, ఇక్కడ ఒక దయ్యము" అని నవ్వెను. మేము కాగితమునకు రెండవవైపున గీసి ఇచ్చితిమి. ఆమె దానిని పొయ్యిమీది అలమరలో, పింగాణి పళ్ళెమునకు ఆనించి నిలబెట్టినది.